నాయకుల ఇండ్ల మీద నవ్వులు – మన సీమ పాత హద్దులు



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాయమని కార్యదర్శి గారు ఆదేశించారు. చంద్రగిరి కోట గురించి, తిరుమల శాసనాల గురించి మన సభ్యులలో నాకన్నా బాగా తెలిసినవారు ఉన్నారు, వారు వ్రాస్తారు. ముప్పై అయిదేళ్ళు ప్రభుత్వ కచేరీలలో గుమాస్తాగా కాగితాల మధ్య బ్రతికినవాడిని నేను. సాయంత్రం పార్కు బల్లల మీద మనం రోజూ వాదించుకునే విషయం ఒకటుంది. దాని వెనుక చరిత్ర ఏమున్నదో చూద్దామనిపించింది.

రాజకీయ నాయకుల భార్యల మీద, తల్లుల మీద, బిడ్డల మీద నటులు, హాస్యగాళ్ళు, పార్టీ వక్తలు వేసే జోకులు, వాటి మీద జనానికి వచ్చే కోపం, ఆ కోపం కేసులుగా, అరెస్టులుగా మారడం – ఇదీ విషయం. ఇది నిన్న మొన్న పుట్టిన రోగమని కొందరంటారు. రాజకీయమన్నాక ఎప్పుడూ ఉన్నదేనని మరికొందరంటారు. పెద్దవాళ్ళను ఎగతాళి చేయడం మన సీమలో చాలా పాతది. దానికొక హద్దు ఉండడం కూడా అంతే పాతది. ఆ హద్దు ఎక్కడ ఉండేదో, ఎలా చెరిగిపోయిందో చెప్పాలని నా ప్రయత్నం. ఏ పార్టీనీ పొగడడానికి గాని, తెగడడానికి గాని ఇది వ్రాయడం లేదు. మనం అన్ని ప్రభుత్వాల కిందా పనిచేసినవాళ్ళం.

తిరుపతి వాళ్ళకు గంగజాతర గురించి చెప్పనక్కరలేదు. అయినా ఊరు విడిచి దూరదేశాల్లో స్థిరపడిన మన పిల్లల కోసం నాలుగు మాటలు. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు వారం రోజుల జాతర జరుగుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొక వేషం కడతారు. వేషం కట్టినవాడు ఎదురుపడినవాడిని బూతులు తిట్టవచ్చు. అధికారి అయినా, ఆసామి అయినా తిట్టు పడవలసిందే. అది ఆచారం కనుక ఎవరూ తప్పు పట్టరు. చివరి రోజు అమ్మవారి విశ్వరూపం చెంప తీసి ఆ మట్టిని ప్రసాదంగా పంచిన తర్వాత, తిట్లూ అంతటితో సరి.

ఈ ఆచారానికి పెద్దలు చెప్పే కథ ఇది. పూర్వం ఈ ప్రాంతాన్ని ఏలిన పాలెగాడొకడు ఆడవారిని చెరబట్టేవాడట. అవిలాలలో పెరిగిన గంగమ్మ మీద కూడా వాడు కన్ను వేశాడు. ఆమె ఉగ్రరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాడిని బయటికి రప్పించడానికే అమ్మ రోజుకో వేషం వేసింది, తిట్లు తిట్టింది. దొర వేషంలో వచ్చిననాడు ఎవరో దొర వచ్చాడనుకొని పాలెగాడు బయటికి వచ్చాడు. అమ్మ వాడి తల తీసింది. ఆ తర్వాత మాతంగి వేషంలో వెళ్ళి, ఏడుస్తున్న వాడి భార్యను ఓదార్చింది.

ఈ చివరి మాటను మన పిల్లలకు చెప్పేటప్పుడు వదిలిపెట్టకూడదు. తప్పు చేసినవాడు పాలెగాడు. తిట్టు వాడికే, శిక్షా వాడికే. వాడి భార్యకు మాత్రం ఓదార్పు. ఇది చరిత్రా పురాణమా అన్నది పండితులు తేల్చుకోవచ్చు. ఒక ఊరు తరతరాలుగా ఈ కథను పిల్లలకు చెప్పుకుంటూ వచ్చిందంటే ఆ ఊరికి అదే ధర్మశాస్త్రం.

ఇక చిత్తూరు జిల్లా పల్లెలకు వద్దాం. ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్ళలో పద్దెనిమిది రోజులు మహాభారత ఉత్సవం చేస్తారు. పగలు హరికథ, రాత్రి నాటకం, చివర మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ. తెల్లవార్లూ సాగే ఆ నాటకాల్లో జనాన్ని నిద్రపోనివ్వకుండా చూసేవాడు బఫూన్. రాజు వేషగాడినే కాకుండా ముందు వరుసలో కూర్చున్న కరణాన్ని, మునసబును కూడా వాడు ఎత్తిపొడిచేవాడు. 1984లో ఆ పదవులు రద్దయ్యేవరకు ఊళ్ళో ప్రభుత్వమంటే వాళ్ళే కదా. కొలతల్లో మోసం, కిస్తు వసూళ్ళలో దౌర్జన్యం అన్నీ నవ్వుల మాటున బయటికి వచ్చేవి. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క మాట్లాడుకునే బూతుకు అంతే ఉండదు. అయితే ఆ బూతు వాళ్ళ సంసారం మీద వాళ్ళే చెప్పుకునేది. ఒక ఇల్లాలిని నిండు సభలో అవమానిస్తే వంశమే నాశనమైన కథను ఏటా ఆడే చోట, ఊరి పెద్ద భార్య మీద జోకు వేయడానికి బఫూన్ కూడా జంకేవాడు.

పాతకాలమంతా సవ్యంగా ఉండేదని నేను అనడం లేదు. పేదింటి ఆడవాళ్ళ మీద, కులం పేరు పెట్టి, వేసిన వెకిలి మాటలకు లెక్కలేదు. వాళ్ళకు కోపం వచ్చినా అడిగే దిక్కు ఉండేది కాదు. కనుక ఆ పాత హద్దు కొంత మర్యాద వల్ల ఉంటే, కొంత భయం వల్ల ఉండేది. ఈ నిజం కూడా చెప్పుకోవాలి.

మన ఉద్యోగుల సంగతి చూడండి. 1983 జనవరిలో ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఫిబ్రవరిలోనే పదవీ విరమణ వయస్సు 58 నుంచి 55కు తగ్గించారు. మళ్ళీ అది 58 అయ్యేలోపల ఎన్ని కుటుంబాలు తలక్రిందులయ్యాయో మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. 1986లో యాభై రోజులకు పైగా సమ్మె చేశాం. ఆ రోజుల్లో కచేరీ వరండాల్లో ముఖ్యమంత్రి గారి మీద పేలిన జోకులు అన్నీ ఇన్నీ కావు. ఆయన కాషాయ వస్త్రాల మీద, సినిమా భాష మీద, ఆజ్ఞల మీద రోజుకొకటి పుట్టేది. నాకు తెలిసినంతవరకు వాటిలో ఆయన ఇంటి ఆడవారి మీద ఒక్కటీ లేదు. కడుపు మండినవాళ్ళం, అయినా ఆ వైపు పోలేదు.

ఆ కాలంలో నేను పనిచేసిన ఒక కార్యాలయంలో టీ వేళ మా సహోద్యోగి ఒకాయన ఒక మంత్రి గారి కూతురి మీద ఏదో అన్నాడు. నలుగురు నవ్వారు. మా శిరస్తదారు గారు కళ్ళద్దాల పైనుంచి చూసి, "ఏమప్పా, ఆ మంత్రిని నువ్వు ఎంతన్నా అను, ఎవరు కాదన్నారు? ఆ బిడ్డ ఏం చేసిందప్పా? ఏ ఫైలు మీద సంతకం పెట్టింది?" అన్నారు. ఆ తర్వాత ఆ సెక్షనులో అటువంటి మాట మళ్ళీ వినబడలేదు. ఎన్నో ప్రభుత్వ ఉత్తర్వులు చదివాను గాని, అంత స్పష్టమైన ఉత్తర్వును చూడలేదు. సంతకం ఎవరు పెడతారో విమర్శ వాళ్ళకు చెందుతుంది. నవ్వు కూడా వాళ్ళకే చెందుతుంది. దీన్ని సంతకం పరీక్ష అందాం. ఇక ముందు చెప్పే సంఘటనలను దీనితోనే కొలుద్దాం.

సినిమా వాళ్ళు రాజకీయాల్లోకి వచ్చాక ఎగతాళి వీధి నుంచి వెండితెరకు ఎక్కింది. 1987లో ప్రభాకరరెడ్డి గారి దర్శకత్వంలో 'మండలాధీశుడు' అనే చిత్రం వచ్చింది. రామారావు గారిని తలపించే పాత్రను కోట శ్రీనివాసరావు గారు వేశారు. అధికారంలో ఉన్న ముఖ్యమంత్రి మీద వ్యంగ్యం అది. సంతకం పరీక్షలో నెగ్గే వ్యంగ్యమే. అయినా అభిమానులు ఊరుకోలేదు. విజయవాడ రైల్వే స్టేషనులో తన మీద పడి కొట్టారని కోట గారు తర్వాతి కాలంలో ఎన్నోసార్లు చెప్పారు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి చెప్పారు. కొంతకాలానికి విమానాశ్రయంలో రామారావు గారే ఎదురుపడి, బాగా నటించావని విన్నానంటూ భుజం తట్టారట. ఎవరిని ఎగతాళి చేశారో ఆయన మరిచిపోయాడు, ఆయన పేరు మీద కొట్టినవాళ్ళు మాత్రం మరవలేదు. ఆ కోట గారే 1999లో విజయవాడ తూర్పు నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు, 2015లో పద్మశ్రీ అందుకున్నారు, 2025 జులైలో కాలధర్మం చెందారు.

హద్దు చెరగడం నా లెక్కలో 1993 నుంచి మొదలైంది. ఆ కథ కూడా మన తిరుపతిలోనే మొదలు కావడం విశేషం. ఆ సంవత్సరం సెప్టెంబరులో 'మేజర్ చంద్రకాంత్' విజయోత్సవం తిరుపతిలో జరిగింది. ఆ వేదిక మీదనే రామారావు గారు లక్ష్మీపార్వతి గారిని వివాహమాడబోతున్నట్టు ప్రకటించారు. అక్కడి నుంచి 1995 ఆగస్టు సంక్షోభం వరకు ఆమె మీద వచ్చిన వ్యంగ్య చిత్రాలు, పిట్టకథలు, ముసిముసి నవ్వులు మన తరానికి గుర్తున్నాయి. ఆమె పార్టీ వ్యవహారాల్లో జోక్యం చేసుకుంటున్నారన్నది విమర్శ. అది న్యాయమైన ప్రశ్నే, దాని మీద ఎంత వ్యంగ్యమైనా చెల్లుతుంది. కాని ఎక్కువ నవ్వులు అక్కడ ఆగలేదు. ఆమె పూర్వ వివాహం మీద, వయసుల తేడా మీద, ఆడతనం మీద వెళ్ళాయి. అప్పుడు ఇది తప్పని రోడ్డు మీదికి వచ్చినవాళ్ళు ఎందరు? నేటికీ ఆ పేరు వినగానే నవ్వేవాళ్ళు మనలో ఉన్నారు. ఒక్కసారి గీత దాటనిస్తే ఆ తర్వాత వచ్చేవాడికి అదే దారి అవుతుంది.

తర్వాత టీవీ వచ్చింది, ఆ తర్వాత చేతిలోకి ఫోను వచ్చింది. జాతరలో తిట్టు జాతరతో పోయేది. నాటకంలో జోకు తెల్లవారితే గాలిలో కలిసిపోయేది. ఫోనులో పడిన మాటకు అమావాస్య లేదు, పౌర్ణమి లేదు. పదేళ్ళ క్రితం మాటను ఎవరైనా ఈ రోజు బయటికి తీయవచ్చు. 2013లో మొదలైన 'జబర్దస్త్' హాస్య కార్యక్రమం ఇంటింటా నవ్వు పంచింది. 2014లో కల్లుగీత వృత్తిలో ఉన్న వారి ఆడవాళ్ళను కించపరిచారని కోపం వచ్చి, అందులోని ఒక హాస్యనటుడి మీద చెయ్యి చేసుకున్నారు. ఒకప్పుడు అడిగే దిక్కులేని వాళ్ళకు అడిగే బలం వచ్చిందని సంతోషించాలి. అడిగే పద్ధతి దెబ్బలైనందుకు విచారించాలి.

2021 నవంబరు 19. కుప్పం పురపాలక ఎన్నికల ఫలితం వచ్చి రెండు రోజులైంది. మన చంద్రగిరి మండలం నారావారిపల్లెలో పుట్టి, కుప్పం నుంచి ఎన్నికవుతూ వస్తున్న చంద్రబాబు నాయుడు గారు, అధికార పక్షం సభ్యులు తన భార్యను కించపరిచారంటూ, ఇది గౌరవ సభ కాదు కౌరవ సభ అని శాసనసభ నుంచి వెళ్ళిపోయారు. ముఖ్యమంత్రిగానే మళ్ళీ అడుగుపెడతానన్నారు. విలేకరుల ఎదుట వెక్కి వెక్కి ఏడ్చారు. మేము అలా అనలేదని అధికార పక్షం వాదించింది. నందమూరి కుటుంబమంతా బయటికి వచ్చి ఖండించింది. అంతకుముందు ఆమె గురించి మాట తూలిన శాసనసభ్యుడు ఒకరు డిసెంబరులో క్షమాపణ చెప్పారు. ఆ ఇల్లాలు ఏ ఫైలు మీదా సంతకం పెట్టలేదు. 2024 జూన్‌లో ఆయన ముఖ్యమంత్రిగానే సభలో అడుగుపెట్టారు. ఓటుకు కారణాలు అనేకం ఉంటాయి. ఆ కన్నీళ్ళు కూడా వాటిలో ఒకటని ఊళ్ళలో అనుకోనివారు తక్కువ.

రెండో వైపు కూడా చూడాలి. అప్పట్లో నగరి శాసనసభ్యురాలైన రోజా గారు 'జబర్దస్త్'కు ఏళ్ళ తరబడి న్యాయనిర్ణేతగా ఉన్నారు, 2022లో మంత్రి అయ్యారు. ఆమె మాట కూడా పదునైనదే. 2015 డిసెంబరులో సభలో అనుచిత వ్యాఖ్యలకు ఏడాది పాటు సస్పెండ్ అయ్యారు. 2023లో తెలుగుదేశం మాజీ మంత్రి ఒకరు ఆమె శీలం మీద నీచమైన మాటలన్నారు. అక్టోబరు 2న అరెస్టయ్యారు. ఆమె కన్నీరు పెట్టుకున్నారు. ఇతర పార్టీల్లో ఉన్న ఖుష్బూ, రాధిక వంటి నటీమణులు కూడా ఆమె పక్షాన నిలిచారు. ఆమె అప్పుడు సంతకం పెట్టే మనిషే. అయితే నింద ఆ సంతకం మీద ఉండాలి, శరీరం మీద కాదు.

2025 ఫిబ్రవరి మన పరీక్షకు రెండు ఉదాహరణలు ఒకే నెలలో ఇచ్చింది. మొదటిది, తిరుపతి భక్తి చానలుకు ఒకప్పుడు అధ్యక్షుడిగా ఉన్న హాస్యనటుడు పృథ్వీరాజ్ గారిది. 'లైలా' చిత్రం వేడుకలో మేకల లెక్క చెబుతూ, మొదట నూట యాభై, చివరకు పదకొండు అన్నట్టు చమత్కరించారు. 2019లో 151 స్థానాలు గెలిచి 2024లో 11కు పడిపోయిన పార్టీ మీద విసురు అది. అంతకుముందు అయిదేళ్ళు 23 అనే అంకె మీద ఎదుటి పక్షం నవ్వినదీ ఇలాగే. అయినా సినిమానే బహిష్కరించమన్నారు. కథానాయకుడు క్షమాపణ చెప్పాడు, తర్వాత ఆయనా చెప్పారు. ఓట్ల లెక్క మీద వేసిన జోకుకు ఇంత అక్కరలేదని నా అభిప్రాయం.

రెండవది నటుడు, రచయిత పోసాని కృష్ణమురళి గారిది. పవన్ కల్యాణ్, చంద్రబాబు, లోకేశ్ గార్లను, వారి కుటుంబాలను దూషించారని ఆయన మీద ఫిర్యాదులు. 2021 సెప్టెంబరులోనే ఆయన ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. తన భార్యను కూడా బూతులు తిడుతున్నారని అప్పుడు ఆయనా వాపోయారు. ఒక ఇంటి ఆడవాళ్ళను అంటే ఇంకొక ఇంటి ఆడవాళ్ళకు తగిలింది. ప్రభుత్వం మారాక, 2025 ఫిబ్రవరి 26 రాత్రి హైదరాబాదులో అరెస్టు చేసి, తిరుపతి – కడప దారిలో ఉన్న ఓబులవారిపల్లె పోలీసు స్టేషనుకు తెచ్చారు. రైల్వే కోడూరు కోర్టు రిమాండు విధించింది. తర్వాత వేరే ఊళ్ళ కేసులలో ఒక జైలు నుంచి ఇంకొక జైలుకు తిప్పారు. మార్చి చివరి వారం ముందు బెయిలు మీద విడుదలయ్యారు. ఆయన మాటలు సంతకం పరీక్షలో నెగ్గవు. కాని ఒకే తప్పుకు ఊరూరా కేసు పెట్టి, అరవై దాటిన మనిషిని జిల్లాలు తిప్పడం కూడా న్యాయమనిపించుకోదు. ప్రభుత్వం మారినప్పుడల్లా తిప్పేవాళ్ళు, తిరిగేవాళ్ళు మారతారు, అంతే.

ఇంతకన్నా మేలైన దారి 2025 ఏప్రిల్‌లో కనిపించింది. మాజీ ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి గారి సతీమణి భారతి గారిని అసభ్యంగా అన్న కార్యకర్తను అతని సొంత పార్టీ తెలుగుదేశమే సస్పెండ్ చేసింది. పోలీసులు అరెస్టు చేశారు. తనవాడిని తానే మందలించడం మన రాజకీయాల్లో అరుదు. అరుదు కనుకనే ఇక్కడ వ్రాస్తున్నాను.

చట్టం సంగతి క్లుప్తంగా. స్త్రీ మర్యాదకు భంగం కలిగించే మాటకు పాత శిక్షాస్మృతిలో 509, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 79వ సెక్షను. పరువునష్టానికి 356. ఆన్‌లైన్ మాటల మీద విచ్చలవిడిగా వాడిన 66ఏ సెక్షనును 2015 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2025 జూన్‌లో టీవీ చర్చలో అతిథి అన్న మాటకు కార్యక్రమం నడిపిన పాత్రికేయుడిని అరెస్టు చేస్తే, ఇతరుల మాటకు నవ్వినంత మాత్రాన నేరమవుతుందా అన్న ధోరణిలో ప్రశ్నించి అదే కోర్టు బెయిలు ఇచ్చింది. నవ్వు నేరం కాదు, నిజమే. అయితే చట్టం తప్పనక పోయినంత మాత్రాన అది ఒప్పు అయిపోదు.

బయటి దేశాల్లోనూ ఈ తగవు ఉంది. రాజకీయాల్లో పలుకుబడి ఉన్న జెర్రీ ఫాల్వెల్ అనే మతబోధకుడి తల్లి మీద ఒక పత్రిక నీచమైన వ్యంగ్య ప్రకటన వేస్తే, 1988లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా పత్రిక పక్షాన తీర్పు ఇచ్చింది. అదే దేశంలో 2009 జూన్‌లో హాస్య కార్యక్రమాల డేవిడ్ లెటర్‌మన్, సారా పేలిన్ కూతురి మీద వేసిన జోకుకు జనం ఛీకొడితే, టీవీలోనే క్షమాపణ చెప్పాడు. ఆమె అంగీకరించింది. పోలీసు రాలేదు, రాయి పడలేదు. కోర్టు శిక్షించని మాటను జనం సిగ్గుపరిచి సరిదిద్దారు.

మిత్రులారా, మన సంఘం వాట్సాప్ గ్రూపులోకి కూడా ఇటువంటి వీడియోలు వస్తున్నాయి. తమ పార్టీ నాయకుడి భార్యను అంటే కళ్ళెర్రజేసేవారే, ఎదుటి పార్టీ నాయకుడి భార్యను అంటే నవ్వు బొమ్మ పెట్టి పదిమందికి పంపుతున్నారు. భువనేశ్వరి గారికి ఒక త్రాసు, భారతి గారికి ఇంకొకటి, లక్ష్మీపార్వతి గారికి అసలు త్రాసే లేదు. తూనికల శాఖ వాళ్ళయితే ఇటువంటి త్రాసులను జప్తు చేసి ఉందురు. మనుమలు, మనుమరాళ్ళు మన ఫోను తీసి ఆడుకునే ఇండ్లు మనవి. తాత దేనికి నవ్వాడో వాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది.

నాయకుల మీద నవ్వండి. పెన్షను ఆలస్యమైతే, డి.ఎ. బకాయిలు పెండింగులో పెడితే, ఉత్తర్వు మీద సంతకం చేసిన వారి మీద ఎంతైనా నవ్వండి. అది మన హక్కు, గంగమ్మ తల్లి ఇచ్చిన హక్కు. ఇంటి ఆడవాళ్ళ మీద మాట వస్తే మాత్రం, ఏ పార్టీదైనా సరే, శిరస్తదారు గారి ప్రశ్న ఒక్కటి అడిగి, ఆ వీడియోను అక్కడే చెరిపివేయండి. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు మన పెద్దలు.